ఇంజను చల్లారేదాకా

అమ్మాయ్, ఆ పానా కింద పెట్టు. ఇప్పుడే కదా బండి తెచ్చి ఆపావు, బానెట్ మీద చెయ్యేస్తే బొబ్బలెక్కేలా ఉంది, అప్పుడే ప్లగ్గులు విప్పుతానంటావేమిటి? వేడి మీద విప్పితే మరలు పాడైపోతాయట. ఇది నా మాట కాదు, పోయిన మీ పెదమావయ్యది. కార్ల గురించి నాకు తెలిసిందల్లా వెనక సీట్లో కూర్చోవడమే. మా అన్నయ్య అలా కాదు. పెళ్లిచూపుల్లో మీ అత్తని సరిగ్గా చూశాడో లేదో గానీ, ప్లగ్గుని మాత్రం వెలుతురులో అటూ ఇటూ తిప్పి మరీ చూసేవాడు. మొన గోధుమ రంగులో ఉంటే బండి ఒళ్లు బాగున్నట్టట. నల్లగా మసి పట్టినా, పొద్దున్నే స్టార్టవ్వకపోయినా, ఎత్తెక్కేటప్పుడు కుదిపినా అరిగిన ప్లగ్గులు మార్చెయ్యాలట. అదీ నాలుగూ ఒకేసారి. ఎవడైనా ఒకటి మార్చి మూడు వదిలేస్తే, ఒక కాలికే చెప్పు వేసుకుని ఊరెళ్లేవాడివని తిట్టేవాడు.

అలాంటి మనిషి చేసిన పని చెప్తాను, నీకేమైనా అర్థమైతే నాక్కూడా చెప్పు. అన్నయ్యకి చూపు మందగించి, గేటేదో గోడేదో తేలకుండా పోయాక, మీ అత్త ఆయన కారు అమ్మేసింది. ఎవరికి? వీధి చివర టైలరుకి. వాడు కుట్టిన చొక్కా నా దగ్గర ఇంకా ఉంది, ఒక చెయ్యి పొడుగు. అప్పగించేముందు కొత్త ప్లగ్గులు వేసివ్వమని మీ అత్తే కొనిచ్చింది. వేశానన్నాడు అన్నయ్య. వారం తిరక్కుండా టైలరొచ్చాడు, బండి కుదుపుతోందండీ అని. చల్లారనీ, కూర్చో అని కుర్చీ వేశాడు అన్నయ్య. చాలాసేపు కూర్చున్నారు. చల్లారాక, లోపల దుమ్ము పడకుండా సైకిలు పంపుతో చుట్టూ ఊది, ఒకే ఒక్క ప్లగ్గు విప్పాడు. జేబులోంచి కొత్తది తీసి, ముందు చేత్తో తిప్పి ఎక్కించి, ఆఖర్న పానాతో కాస్త బిగించి పంపేశాడు. తక్కినవి పాతవే. అంటే అసలు వెయ్యనే లేదన్నమాట! తర్వాతి వారం ఇంకోటి. అదేమిటన్నయ్యా, నాలుగూ ఒకేసారి కదా అంటే, నీకు తెలీదులే అన్నాడు. నిజమే, తెలీదు. మీ అత్త మాత్రం మతిమరుపుకి మంచి డాక్టరెవరని వాకబు మొదలెట్టింది. నేనేమో కారు మీద బెంగ కాబోలు, అది ఇంటికొస్తూ ఉండాలని ఇలా చేస్తున్నాడు, పోన్లే అనుకున్నా.

సరే, నాలుగూ అయిపోయాయి. ఇక బండి రాకూడదు కదా? వచ్చింది. కుదుపుతూనే వచ్చింది. అక్కడే నా బుర్ర ఆగిపోయింది. ఓ సాయంత్రం మలుపు దగ్గర చూద్దును కదా, టైలరు బానెట్ ఎత్తి, ప్లగ్గు మీది తీగ చేత్తో ఊడబీకి, మళ్లీ బండెక్కి గడగడలాడుతూ మా ఇంటివైపే పోతున్నాడు. మర్నాడు కొట్టుకెళ్లి నిలదీశాను. సిగ్గుపడతాడనుకున్నా, సూదిలో దారం ఎక్కించుకుంటూ చెప్పాడు. "పొద్దస్తమానం మిషనే కదండీ. వచ్చినవాళ్లంతా కుట్టావా, కుట్టావా అంటారు. చల్లారేదాకా కూర్చో అనేది ఆయనొక్కరే."

మరి అన్నయ్యకి తెలీదా అంటే, ఎందుకు తెలీదు? చూపు లేకపోయినా వేలు సరాసరి ఊడిన తీగ మీదకే పోయేది. ప్లగ్గు విప్పి, తుడిచి, ఆ ప్లగ్గే మళ్లీ పెట్టి, తీగ నొక్కి, "వచ్చేవారం ఓసారి చూద్దాం" అనేవాడు. ఎవరు ఎవర్ని ఆడిస్తున్నారో నాకు ఇప్పటికీ తేలలేదు. అన్నయ్య పోయిన రోజు టైలరు ఆ కారులోనే వచ్చాడు. ఒక్క కుదుపు లేదు. చప్పుడే లేకుండా వచ్చి ఆగింది. దిగకుండా అందులోనే కూర్చుండిపోయాడు. ఇంజను ఎప్పుడో చల్లారింది.

ఏంటి, నీదీ చల్లారిందా? అప్పుడేనా? కాదులే, నాకింకా వెచ్చగానే అనిపిస్తోంది. కూర్చో. ఇంతకీ మీ ఆయన మీసం తీసేశాడటగా, ఎందుకూ?