ఎడమ పక్క

అదేంటి డాక్టరుగారూ, చూపు పోతోందంటారు? ఇందాక గోడ మీది అక్షరాలు చివరి వరుస దాకా చదివానా లేదా? పాతికేళ్ళుగా బట్టలు కుడుతున్నాను. ఇప్పటికీ సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తాను. బయట మీ నర్సు వేసుకున్న కోటు నేను కుట్టిందే, అడగండి కావాలంటే.

మీ మిషన్లోనే ఏదో తేడా ఉంది. గడ్డం ఆనించమన్నారు, ఆనించాను. కుడి కన్ను మూశారు. చుక్కల్లా లైట్లు వెలుగుతాయి, కనబడ్డప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. ఎడమవైపు ఒక్కటీ వెలగందే ఏం నొక్కను?

వెలిగాయా? అన్నీనా?

అయితే ఈ కాగితం మీద నల్లగా ఉన్నదంతా నాకు కనబడనిదా... ఇంతా? సగానికి సగం ఉంది కదండీ.

నొప్పి లేదు, మంట లేదు, ఎలా తెలుస్తుంది చెప్పండి. మా ఆయన మాత్రం ఏడాదిగా అంటూనే ఉన్నాడు, ఇంట్లో ప్రతి తలుపూ నీ ఎడమ భుజాన్నే వెతుక్కుంటూ వస్తోందేంటి అని. నేను నవ్వేసి ఊరుకున్నాను.

సరే, మందు తర్వాత రాద్దురుగాని. ముందు ఆ ఫారం మీద సంతకం పెట్టండి. శనివారం క్యాంపు ఉంది. పద్దెనిమిదేళ్ళుగా స్కౌట్ పిల్లల్ని వెంటబెట్టుకుని తిరుగుతున్నాను. జీతం లేదు, ఏం లేదు, నా ఇష్టం అంతే. టెంట్లు ఎక్కడ వేయాలి, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, అన్నీ వారం ముందే వెళ్ళి చూసొస్తాను. ఈసారి కొండ మీద. పక్కనే పాత రాళ్ళ క్వారీ ఉంది, దాని అంచుకి కంచె లేదు. తాడు కడతాం లెండి. ఇరవై రెండు మంది పిల్లలు.

ఈ ఫారం గోల ఎప్పుడూ లేదు. ఇప్పుడే పెట్టారు, పిల్లల వెంట వెళ్ళే పెద్దవాళ్ళకి డాక్టరు సంతకం ఉండాలని. పోయిన నెల మా పిల్లల్లో ఒకతెకి చెయ్యి విరిగింది, అందుకు.

ఎలా అంటే... వాగు మీద చెక్క వంతెన. ఒక్కొక్కరే దాటాలి. నేను ఈ చివర నిలబడి పేర్లు పిలుస్తున్నాను. ఎనిమిదేళ్ళది, పిచ్చుక అంటాం దాన్ని, అంత సన్నగా ఉంటుంది. దాని వంతు చివర్లో. ఇంతలో వంతెన మధ్యలో ఒకడు భయపడి ఆగిపోయాడు. వాడికి ధైర్యం చెబుతూ నేను ఇలా ఎడమకి ఒక్క అడుగు వేశాను. వీపున పెద్ద సంచీ ఉంది. దేనికో తగిలింది. కొమ్మ అనుకున్నాను. కింద రాళ్ళ మీంచి ఏడుపు వినబడింది.

వాళ్ళమ్మకి ఏం చెప్పానో తెలుసా? పరిగెత్తింది, ఎంత చెప్పినా వినలేదు అని. ఆవిడ ఆసుపత్రి వరండాలోనే దాన్ని తిట్టింది. అది నా వైపు చూసింది. తర్వాత అందరితో అదే చెప్పింది, నేనే పరిగెత్తాను అని.

నేనూ నమ్మేశాను డాక్టరుగారూ. నెల రోజులు హాయిగా నమ్మాను.

అది పరిగెత్తలేదు. కదలనే లేదు. నేనే చెప్పాను దానికి, నీ వంతు వచ్చేదాకా నా పక్కనే నిలబడు, వేలెడు కూడా జరగొద్దు అని. చెప్పినచోటే నిలబడింది. ఎడమ పక్కన.

కట్టు మొన్ననే విప్పారు. నిన్న వాళ్ళమ్మ షాపుకొచ్చి శనివారానికి పేరు రాయించింది. ఈసారి మీ పక్కనుంచి కదలదండీ, ఒట్టు వేయించుకున్నాను అంది. నేను సరేనన్నాను.

పెన్ను ఎందుకు కింద పెట్టారు? రాయండి. పనికిరాదు అని రాయండి, పెద్ద అక్షరాలతో. ఇప్పుడే రాయండి, నేను ఇక్కడ కూర్చుని ఉండగానే. నా ఇష్టానికి వదిలేశారంటే శనివారం పొద్దున్నే వెళ్ళి బస్సెక్కుతాను. నా సంగతి నాకు తెలుసు.