చుట్టుదారి

టేబుల్ మీద ఫోన్‌లో మ్యాపు తెరిచి, భార్యాభర్తలు రేపు పెళ్ళికి వెళ్ళే కారు ప్రయాణానికి పెట్రోలు లెక్క వేసుకుంటున్నారు.

“వదిన వాళ్ళ ఊరి మీదుగా వెళ్తే దగ్గర కదండీ?”

“వద్దు. చుట్టూ తిరిగి వెళ్దాం.”

“పెట్రోలు దండగ కాదూ?”

“కానీలే. పెళ్ళికి తననీ తీసుకెళ్ళమంటే, కార్లో చోటు లేదని చెప్పాను.”

“వెనక సీటంతా ఖాళీయేగా!”

“కారెక్కితే అక్కకి వాంతులు. సీట్లేమో కొత్తవి.”

“అయ్యో! పొద్దున వదిన ఫోన్ చేశారు. కారు నిండా మనుషులటగా, రేపు మధ్యాహ్నం భోజనానికి ఎంతమందికి వండమంటావని అడిగారు.”

“నువ్వేం చెప్పావు?”

“నాకేం తెలుసు? మేమిద్దరమే అన్నాను.”

“అక్కేమంది?”

“‘సరేలేమ్మా, ఇద్దరికే వండుతాను’ అన్నారు.”