ఆగమన్నా ఆగని ఇంజను

సైకిళ్ళకు చిన్న ఇంజన్లు బిగించి అమ్మడం, ఊరంతా టాప్‌గేరు అని పిలిచే ఆయన పని. వాటి గురించి కోతలు కోయడం ఆయన ఊపిరి. ఆయన నోరు విప్పాడంటే టీకొట్టులో లేవబోయినవాడు కూడా మళ్ళీ కూలబడాల్సిందే.

ఆ సాయంత్రం ఎదురుగా కూర్చున్నది బ్రెడ్డాయన. బేకరీ నుంచి మెట్ట మీది దుకాణాలకు సైకిలు మీద బ్రెడ్డు చేరవేసీ చేరవేసీ అతని మోకాళ్ళు పట్టేశాయి. ఇక తొక్కలేనంటే ఆ పని ఇంకొకరి చేతికి పోతుంది. అందుకే టాప్‌గేరు అమ్మకానికి తెచ్చి టీకొట్టు గోడకానించిన ఇంజను సైకిలు కొందామని భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఈ బుల్లి ఇంజన్లకు రోగమంతా వణుకులోనే ఉంది తమ్ముడూ," మొదలెట్టాడు టాప్‌గేరు. "వణికి వణికి నట్లు వదులైపోతాయి. అందుకే ఈ బండికి అన్నీ ఊడదీసి మళ్ళీ నా చేత్తో బిగించా, నట్టుకు నట్టు తోడు పెట్టా, పెట్రోల్లో ఆయిలు సరిపాళ్ళలో కలిపా. మొదటిరోజే మా ఆవిడనీ, ఆవిడ కుట్టుమిషన్నీ వెనకేసుకుని మెట్టెక్కేశా. ఒక్కసారి దగ్గితే ఒట్టు."

"మిషను బరువే కదన్నా," అన్నాడు బ్రెడ్డాయన.

"అదీ ఓ బరువేనా? సగం దారిలో ఓ లారీ చతికిలబడి ఉంది. డ్రైవరు దండం పెడితే కాదనలేక తాడు కట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లారీ బుద్ధిగా మెట్ట పైదాకా వచ్చేసింది. వాడు బ్రేకు తీయడం మర్చిపోయాడని అక్కడికెళ్ళాక తెలిసింది."

బ్రెడ్డాయన నోరెళ్ళబెట్టాడు. లారీనే లాగినదానికి నా బ్రెడ్డు బుట్టలు ఒక లెక్కా అనుకున్నాడు. అనుకోగానే మోకాళ్ళు తేలికైనట్టనిపించింది.

"దిగేటప్పుడు పెట్రోలు అయిపోయింది. ఆ సంగతి ఇంజనుకు ఎవరు చెప్పాలి? నా జేబులో పెట్రోలు తుడిచిన గుడ్డ ఉంది, ఆ వాసనకే పరుగే పరుగు. ఇంటికొచ్చి ఆపబోతే ఆగదు. ప్లగ్గు ఊడదీసి దాచుకున్నా ఆగదు. సరే నీ ఇష్టమని నేను అన్నం తిని పడుకుంటే, తెల్లారేదాకా ఇంటి చుట్టూ కాపలా తిరిగింది."

"మీద మనిషి లేకుండానా?" అన్నాడు టీకొట్టాయన.

"మనిషెక్కితే దానికి చిన్నతనం."

"అయితే ఇన్నాళ్ళలో ఒక్కసారీ దారిలో ఆగలేదా అన్నా?" బ్రెడ్డాయన గొంతులో భక్తి పొంగుతోంది.

"ఆ మాట దాని ఎదుట అనకు, నొచ్చుకుంటుంది."

బ్రెడ్డాయన భార్య లేచి సైకిలు దగ్గరికి వెళ్ళింది. వంగి చూసింది.

"అన్నయ్యగారూ, ఒక్కసారీ ఆగని బండికి పెడళ్ళ రబ్బర్లు ఇనుము కనబడేదాకా ఎలా అరిగాయండీ?"

టాప్‌గేరు గొంతు సవరించుకున్నాడు.

"అదా చెల్లెమ్మా... ఊరికే కూర్చుంటే ఒళ్ళు బిగుసుకుపోతుంది కదా. అప్పుడప్పుడూ కాస్త తొక్కితే వ్యాయామం."

బ్రెడ్డాయన ఆశ కాస్తా జారిపోయింది. మోకాలు మళ్ళీ కలుక్కుమంది. దాన్ని పట్టుకుని మెల్లగా లేచాడు.

"ఆ వ్యాయామం నా పాత సైకిలు రోజూ చేయిస్తూనే ఉందన్నా," అన్నాడు.