ఎర్రావు మేసిన మడి

పాలకేంద్రం అరుగు మీద డ్రమ్ము బావ గొంతు సవరించుకున్నాడంటే నిండు క్యాన్లు కూడా మూతలు తీసి వింటాయని ఒక మాట ఉంది. ఊళ్ళో మగవాళ్ళందరూ ఆయన్ని బావా అనే పిలిచినా, అసలు బావమరిది మాత్రం ఒక్కడే. అక్కడే క్యాన్లెత్తే పని అతనిది. బావ చెప్పే ఎర్రావు కథ వినీ వినీ అతని చెవులు కాయలు కాశాయి. అయినా ఆరేళ్ళలో ఒక్కసారీ అడ్డం రాలేదు. కోతలు కోసుకుంటే ఎవరి సొమ్మేం పోయింది అనుకునేవాడు.

ఆ పొద్దున కుట్టుపని చేసుకునే ఆవిడ పాలు పోసి, ఖాళీ గిన్నె వైపు చూస్తూ నిలబడిపోయింది.

"ఐదు లీటర్లిచ్చే ఆవు అన్నయ్యా. బీడులో పచ్చిక ఎండిపోయినప్పటి నుంచీ సగానికి పడిపోయింది. మిషను ఆగితే నూనె వేస్తాను, దీనికేం వెయ్యను? నాకున్నది ఇదొక్కటే."

బావకి ఇంకేం కావాలి? కాళ్ళు మడిచి సర్దుకుని కూర్చున్నాడు.

"పాలు పొదుగులో ఉండవమ్మా, మేతలో ఉంటాయి. నా ఎర్రావు సంగతి చెప్తా విను. తెచ్చినప్పుడు నాలుగు లీటర్లు. పొద్దున్నే మేతకి తోలడం, ఎండెక్కితే నీడకి తేవడం, తాగినన్ని నీళ్ళు, సాయంత్రం చిటికెడు ఉప్పేసిన దాణా. నెల తిరిగేసరికి ఎనిమిది!"

"కిందటేడు ఏడన్నావు," అన్నాడు పాలు పరీక్షించేవాడు తలెత్తకుండానే.

"కిందటేడు వినయంగా చెప్పాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాణాలో మొక్కజొన్న నూక పెంచాను, పద్దెనిమిదికెక్కింది, బిందెలు చాలక డ్రమ్ము పెట్టాం, డ్రమ్ము చాలక నీళ్ళతొట్టి కడిగి పెట్టాం, మా ఆవిడ పితుకుతూ పితుకుతూ ఒక్క కునుకు తీసింది, అంతే, తొట్టి పొంగి పాలు వీధిన పడ్డాయి. పిల్లులన్నీ వరసలో నిలబడి తాగాయి. ఆ నెలంతా ఊళ్ళో ఎలుకలు పట్టపగలే తిరిగాయి, పిల్లులకి ఆకలుంటేగా!"

నలుగురూ నవ్వారు. కుట్టుపని ఆవిడ నవ్వలేదు. గుడ్డ మీద సుద్దతో గీతలు గీసుకున్నట్టు ఒక్కో మాటా మనసులో పెట్టుకుంటోంది. బావమరిది అది గమనించాడు.

"అక్కడితో ఆగిందా? కాలవలో కలిసి చెరువు నిండింది. పొద్దుటికి మీగడ కట్టింది. ఎంత మందమంటావ్? చెప్పులతో ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నడిచాను, మడమ తడిస్తే ఒట్టు!"

"మరి చేపలో?" అన్నారెవరో.

"తోడుకున్నాయి. అది వేరే కథ."

"ఇంతకీ ఏం మేపారన్నయ్యా?" అంది ఆవిడ.

బావ గొంతు తగ్గించాడు. "లూసర్న్. పూత రాని లేత గడ్డి. మంచు ఆరకముందే, ఖాళీ కడుపుతో మడిలో వదిలెయ్యాలి. అడ్డమనేది ఉండకూడదు. పొట్ట నిండి డోలులా మోగిందంటే పాలు తయారైనట్టే!"

ఆవిడ ముఖం వికసించింది. "పక్క మడివాళ్ళు ఇవాళ మేపుకోమన్నారు. లూసర్నే, జానెడు చివుళ్ళు. పొద్దుటి నుంచి దానికి గడ్డిపోచ కూడా వెయ్యలేదు. ఇప్పుడే వెళ్ళి విప్పుతా." గిన్నె చంకన పెట్టుకుని మెట్టు దిగింది.

బావమరిది ఎత్తిన క్యాన్ దించేశాడు.

"ఆగమ్మా. బావా, గుంట తవ్వింది నేను."

అరుగు మీద నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"ఏం గుంటరా?" అన్నాడు బావ, నీరసంగా.

"ఎర్రావుని పూడ్చిన గుంట. తడి లూసర్న్ ఆబగా మేసింది. కడుపులో గాలి పట్టి ఎడమ డొక్క ఉబ్బితే నువ్వు వాయించి చూసి మురిశావు. పశువుల డాక్టరొచ్చేసరికే కాళ్ళు చాపేసింది. చెరువు నిండా పాలు పోశావు, పోనీలే, గుండెలో బాధ అలా తీర్చుకుంటున్నాడు అనుకున్నా. కానీ ఈవిడ ఆవు బతికుంది బావా."

పరీక్షించేవాడు కలం పక్కన పెట్టాడు. మెట్టు మీద ఆవిడ కదల్లేదు. బావ తన అరచేతుల్నే చూసుకుంటూ కూర్చున్నాడు.

"నాలుగే ఇచ్చేది," అన్నాడు చివరికి. "నాలుగూ మా ఇంటికి సరిపోయేవి. నాకే సరిపోలేదు."

ఆవిడ మళ్ళీ మెట్టెక్కి అడిగింది. "అయితే నేనేం పెట్టాలన్నయ్యా? ఉన్నదున్నట్టు చెప్పండి."

"ముందు ఎండుగడ్డి. కడుపు సగం నిండనీ. మంచు ఆరాక పావుగంట లూసర్న్, అంతే. రేపు ఇంకాస్త. దాణా పెంచినా గుప్పెడు గుప్పెడే."

"పాలు పెరుగుతాయా?"

"పది రోజుల్లో ఓ అర లీటరు. పెరక్కపోనూవచ్చు."

ఆవిడ తలూపింది. బావ మోకాళ్ళ మీద చేతులాన్చి లేచాడు.

"పదమ్మా. ఎండుగడ్డి నేనేస్తాను. అది తినేదాకా ఆ మడి గేటుకి అడ్డంగా నేనే నిలబడతాను."