ఎదురుగా కూచున్న సుంకులమ్మ

చిదంబరయ్య అని ఒక అయ్యోరు ఉండేవాడంట. వంకపల్లెలో చిన్నపిల్లోళ్ల బడి ఆయనది. బడంటే ఏముందిలే, గడ్డి కప్పిన ఒక బోదకొట్టం, ఇరవైమంది పిల్లోళ్లు, అందరికీ కలిపి ఒకే ఒక్క పుస్తకం. ఆ పుస్తకం పీట మీద పెట్టుకొని ఆయన చదివేది, పిల్లోళ్లు చుట్టూ మూగి చూసుకుంటా చదివేది. పెందలాడే వచ్చినోళ్లు అయ్యోరి పక్కన కూచుంటారు. ఆలస్యంగా వచ్చినోళ్లు పీటకు అవతల, ఆయనకు ఎదురుగా. గొర్రెల మారెన్న కూతురు సుంకులమ్మ ఉంది చూడు, ఆ పిల్ల దొడ్డి ఊడ్చి, గొర్రెపిల్లలకు ఆకేసి వచ్చేసరికి రోజూ ఎదురే దక్కేది. మూడేండ్లు ఆడనే కూచుండె అనుకో.

ఏమైందంటే, అయ్యోరు ఎప్పుడన్నా ఆ పిల్లను చదవమంటే పుస్తకాన్ని ఆమె తట్టుకు తిప్పి పెట్టేవాడంట. మంచికేలే, చదవను వీలుగా ఉంటాదని. తిప్పితే చాలు, ఆ పిల్ల నోరు పడిపోయేది. కిందికి చూసేది, పైకి చూసేది, కండ్లనిండా నీళ్లు పెట్టుకునేది. ఒక పొద్దు కాదు, రెండు పొద్దులు కాదు, మూడేండ్లు. ఆయనకూ విసుగొచ్చె. మారెన్నను పిలిపించి, నీ బిడ్డకు అక్షరం ఎక్కలేదబ్బా, పిలుచుకొని పో అన్నాడంట. మారెన్న ఏమంటాడు పాపం. సరే సామీ, గొర్రెలకన్నా పనికొస్తాదిలే, పా బిడ్డా అని చెయ్యి పట్టుకునె. ఆ పిల్లకు చదువంటే పానం. లాగినా కదల్దు.

అయ్యోరు పుస్తకం తన తట్టుకు పెట్టుకొని మళ్లా పాఠం మొదలుపెట్టె. వయసు మళ్లినాయన గదా, చూపు జారి ఒక వరస వదిలేసె. పక్కనున్నోళ్లు ఒక్కరూ పలకలేదు, ఆయన ఏది చెప్తే అదే గదా వాళ్లకు. సుంకులమ్మ నిలబడిన చోటునుంచే, "అయ్యోరా, ఒక వరస ఇడిసిపెట్టినావు" అనె.

ఆయన తలెత్తి చూసె. బట్టీ పట్టిందేమోలే అనుకొని, ఎప్పుడూ చెప్పని పుట, ఆ కొసన ఉండేది తీసి, ఇది చదువు చూద్దాం అన్నాడంట. ఈసారి తిప్పను మరిచిపోయినాడు, చూడండి. ఆ పిల్ల ఎదురుగా వంగి గడగడా చదివేసె. ఆగమని పుస్తకం తిప్పె, నోరు పడిపాయె. మళ్లా తలకిందులు పెట్టె, మళ్లా గడగడా. అప్పుడర్థమాయె ఆయనకు. ఎదురుగా కూచొని కూచొని ఆ పిల్ల అక్షరాలన్నీ తలకిందులే నేర్చుకుంది, అక్షరమంటే అట్లే ఉంటాదనుకుంది. అయ్యోరికి సిగ్గేసింది. లేచిపోయి ఆ పిల్ల చోట మఠమేసుకొని కూచుండె. చదవబోతే ఒక్క మాట కూడబలుక్కునేలోపల చెమట పట్టె. మారెన్న గోడకానుకొని అంతా చూస్తా ఉండి, మెల్లిగా అడిగినాడంట, "అయితే సామీ, రేపు గొర్రెలకు మీరొస్తారా?" అని.

అయ్యోరు కోప్పడలేదు. "పిల్లను ఈడనే ఉండనీ మారెన్నా. నన్ను ఇంకొక నెల చూడు" అనె.

మరుసటి పొద్దునుంచి పిల్లోళ్లందరూ రోజుకొక చోటు జరిగేది, వాళ్లతోపాటు ఆయనా జరిగేది. రోజూ అయ్యోరి పక్కనే కూచునే రెడ్డిగారి కొడుకు ఎదురుకొచ్చిన పొద్దు చూడాల, అక్షరం గుర్తుపట్టలేక ఏడ్చేసినాడంట. సుంకులమ్మ నెల తిరక్కుండానే రెండు తట్లా చదివె. ఇంగ అయ్యోరి సంగతంటారా, ఇరవై ఏండ్లు పిల్లోళ్లకు చెప్పి చెప్పి, ఆ పొద్దు బడిలో చేరినాడని మా అవ్వ అనేది. ఆలస్యమేలే. చేరినాడు గదా, అది చాలు.