పైమూత స్క్రూ

షెడ్డులో బల్ల మీద చెట్లు కోసే మోటారు రంపం ఉంది. మెకానిక్కుకు ఎదురుగా అతని బావమరిది నిలబడ్డాడు.

“మొన్న చెవి పెట్టి విని, ఒక్క స్క్రూ తిప్పావు బావా. రంపం దారికొచ్చింది. అందుకే ఇలాంటి రంపాలే ఉన్న ఇంకో నలుగుర్ని తీసుకొచ్చాను.”

“వాళ్లను పంపించెయ్యి.”

“ఎందుకు?”

“ఇందులో పాత కార్బ్యురేటర్ లేదు. తిప్పడానికి స్క్రూయే లేదు. పెట్రోలు ఎంత కావాలో లోపలి కంప్యూటరే చూసుకుంటుంది.”

“మరి నువ్వు తిప్పింది?”

“పైమూత స్క్రూ. కాసేపు ఇంజను ఆడేసరికి తనంతట తనే సర్దుకుంది.”

“ఆ రోజే చెప్పొచ్చుగా?”

“మా బావ చెవి పెడితే చాలని నువ్వు పొంగిపోతుంటే, నోరు రాలేదురా.”

“ఇప్పుడు వాళ్లకేం చెప్పను?”

“నేనే చెప్తాను. నువ్వు మాత్రం పక్కన నిలబడి నా మొహం చూడకు.”