సంచిలో దొరికిన ఆసుపత్రి కాగితం

చెల్లెలు బట్టలు సర్దుకుంటూ ఉంది. ఆమె సంచిలోంచి తీసిన కాగితం పట్టుకుని అక్క మంచం మీద కూర్చుంది.

"పాపని చూసుకోమని పిలిపించి, ఆఫీసు పని మీద ఊరెళ్తున్నా అన్నావు. ఆఫీసు పనికి ఐసు సంచీ ఎందుకే?"

"అక్కా, ఆ కాగితం ఇటివ్వు."

"ప్యాడ్లు, వదులు లోదుస్తులు... నిజం చెప్పు. కడుపు తీయించుకుంటున్నావా?"

"ఛ! అది కాదు."

"మరి 'ఆరు వారాలు భర్తకు దూరంగా' అని ఎందుకు రాశారు? నాకు చదువు రాదనుకున్నావా?"

"మెల్లిగా. పాప లేస్తుంది."

"లేస్తే నేను చూస్తాలే. చెప్పు."

"చిన్న ఆపరేషనే. కింద... పెదవుల్లా ఉంటాయి చూడు. అవి పొడుగ్గా ఉన్నాయని కాస్త కత్తిరించి కుడతారు. గంట పని. మత్తిస్తారు. కుట్లు వాటంతటవే కరిగిపోతాయి. రెండు వారాలు వాపు, మంట. అంతే."

"అంతే అయితే అబద్ధమెందుకు?"

"అబద్ధం కాదు, చెప్పలేదు."

"రెండూ ఒకటే. నొప్పా? నడుస్తుంటే ఒరుసుకుంటోందా?"

"లేదు."

"డాక్టరమ్మ చేయించుకోమందా?"

"ఆవిడ... అక్కర్లేదనే అంది. ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుందట, నాది రోగం కాదట. మచ్చ పడొచ్చు, స్పర్శ తగ్గొచ్చు, ఆలోచించుకో అని రెండుసార్లు వెనక్కి పంపింది."

"మూడోసారీ వెళ్లావన్నమాట! అయితే మీ ఆయనే. ఆ నంగనాచి మొహం చూసినప్పుడే అనుకున్నా. ఫోన్ ఇలా ఇవ్వు, కడిగిపారేస్తాను."

"ఆయన్నేమీ అనకు. ఆయనకి అసలు తెలీదు."

"తెలీదా! ఆరు వారాలూ ఏం చెప్తావే?"

"నడుంనొప్పి అని."

"మరి ఎవరన్నారే? మీ అత్తగారా?"

"ఆవిడెందుకంటుంది?"

"తోడికోడలా? ఈ పురుగు నీ బుర్రలో వదిలిన మనిషెవరో చెప్పు. జుట్టు పట్టుకుని అడుగుతాను."

"వద్దులే అక్కా."

"వద్దంటే ఊరుకుంటానా? చెప్పు!"

"నువ్వే."

"నేనా?"

"నా కాన్పయ్యాక ఒళ్లు కడిగింది నువ్వే కదా. చూశావు. చూసి నవ్వావు. 'ఇదేంటే ఇలా ఉంది, మీ ఆయన ఏమీ అనడా?' అన్నావు. మూడేళ్లయింది. స్నానానికి వెళ్లినప్పుడల్లా ఆ నవ్వే వినిపిస్తుంది నాకు."

అక్క ఆ కాగితాన్ని మడిచి కొంగున ముడేసుకుంది.

"రేపు పొద్దున్న తొమ్మిదింటికి రమ్మన్నారు. ఆ కాగితం ఇవ్వు."

"ఇవ్వను. ఇలా కూర్చో. నా మొహం చూడకు, గోడకేసి చూస్తూ విను. నాదీ అంతేనే, పిచ్చిదానా. అమ్మయ్య, నేనొక్కదాన్నే కాదు అని నవ్వాను. పెళ్లయి పద్నాలుగేళ్లు... దీపం ఆర్పనిదే మీ బావని దగ్గరికి రానివ్వలేదు నేను."